తుడిచి చూడని పసుపు

పశువైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఆర్మూర్ పక్కన పెర్కిట్‌లో మా ఇంటికి వస్తుంటారు. ఉద్యోగం ఎట్లా ఉంటుంది మేడం అని అడుగుతారు. గేదెల కాన్పుల గురించి, గొర్రెల టీకాల గురించి చెప్తాను. టీ తాగి, నాతో ఫోటో దిగి వెళ్లిపోతారు. వాళ్ల బండి మలుపు తిరిగిన దగ్గర్నుంచి నాకు బెంగ మొదలవుతుంది. చెప్పాల్సింది చెప్పలేదని, బూంది అనే కుక్క సంగతి మళ్లీ దాటవేశానని. ఎదురుగా కూర్చున్నవాళ్లకు చెప్పడం చేతకాక ఇలా రాస్తున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ల నాలుగు నెలలు పని చేశాను. అందులో పంతొమ్మిదేళ్లు ఆర్మూర్ పశువైద్యశాలలోనే. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ బదిలీ ఎందుకు ఆగిందో ఇక్కడ రాయను. అవి మీకూ వస్తాయి, మీకూ ఆగుతాయి. ఒక అధికారి చెప్పిన మాట, నేను గర్వపడిన రెండు పనులు, వాటివల్ల ఒక పిల్ల ప్రాణం మీదికి రావడం, ఇంతే రాస్తాను.

ఎర్ర పెన్సిల్

నా మొదటి పై అధికారి నిజామాబాద్‌లో ఉండేవారు. నెలకోసారి వచ్చి మా కేసు పుస్తకం తెరిచేవారు. చేతిలో ఎర్ర పెన్సిల్. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో నేను ఒక గేదె గురించి "చూలు, ఆరు నెలలు" అని రాశాను.

"చెయ్యి పెట్టి చూసినవా?" అన్నారు.

"రైతు చెప్పిండు సార్."

"అయితే గీడ రైతుతోని సంతకం పెట్టించు. నువ్వెందుకు పెట్టినవ్?"

అప్పటికప్పుడు జీపులో ఆ ఊరికి పంపారు. చెయ్యి పెట్టి చూస్తే ఆ గేదె అసలు చూలు కట్టనే లేదు. తిరిగి వచ్చాక ఆయన కోప్పడలేదు. "చూసింది రాయి. అనుకున్నది రాయాలనిపిస్తే, కింద గీత గీసి, అనుకుంటున్నాను అని రాయి. రెండిటినీ కలపకు" అన్నారు.

నాకు తేదీల పిచ్చి, లెక్కల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. ఆయన మాటతో అవి ముదిరాయి. సర్కారు రిజిస్టరు కాక నా సొంత పుస్తకాలు ఇరవై మూడు ఉన్నాయి. ప్రతి కేసుకూ తేదీ, బరువు, జ్వరం, చూసింది, చేసింది. గీత గీసిన మాటలు చాలా తక్కువ. నేను అనుకోవడం తక్కువ, చూడడం ఎక్కువ అని నా నమ్మకం. ఒక్క పేజీలో గీత ఉండాల్సిన చోట లేదు. ఆ పేజీ దగ్గరికి తర్వాత వస్తాను.

కుందేళ్లు లేని దుకాణం

వెంకటేశం సేటుది పసుపు అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పసుపును కమీషన్ మీద అమ్మిపెడతాడు. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఇంట్లో సేటు, భార్య సుజాత, తల్లి అనసూయమ్మ, కూతురు నిత్య. సుజాత తమ్ముడు రవిది మోర్తాడ్. ఎనిమిదేళ్లు దుబాయిలో పనిచేసి తిరిగొచ్చి, మేనకోడలి నాలుగో పుట్టినరోజుకు హైదరాబాద్ నుంచి ఒక బీగిల్ కుక్కపిల్లను తెచ్చిచ్చాడు. ఒళ్లంతా నలుపు, గోధుమరంగు, తెలుపు మచ్చలు. నిత్య దానికి బూంది అని పేరు పెట్టింది.

మొదటి టీకాకు తెచ్చిన రోజు సేటు అడిగాడు. "మేడం, ఇది కాపలా కాస్తదా?"

"దొంగ బిస్కెట్ పెడితే వానికే బస్తాలు చూపిస్తది."

"మరి దేనికి పనికొస్తది?"

"కుందేళ్లను పట్టెతందుకు పుట్టిన జాతి ఇది. మీ దుకాణంల కుందేళ్లున్నయా?"

అందరూ నవ్వారు. రవి మాత్రం కుక్క చెవులు నిమురుతూ, "మా దిక్కు మస్తున్నయ్ మేడం" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ మాటను ఆ రోజే పట్టుకోవాల్సింది.

బీగిల్‌ను కొనే కుటుంబాలు ఇప్పుడు మన దగ్గర పెరిగాయి. అది చిన్నగా ఉంటుంది, ముద్దుగా ఉంటుంది, పిల్లలు తోక లాగినా ఊరుకుంటుంది. అంతవరకు నిజమే. ఇంగ్లండులో వేటగాళ్లు దాన్ని గుంపులు గుంపులుగా పెంచారు. గడ్డిలో పోతుంటే వెనక ఉన్న మనిషికి కనబడాలని తోక కొన తెల్లగా ఉండేట్టు చూసుకున్నారు. ఎంత దూరంలో ఉన్నా వినబడాలని గొంతు పెద్దదిగా ఉండేట్టు చూసుకున్నారు. దాని చెవులు మీ ఇంట్లో ఉంటాయి, ముక్కు మాత్రం గుట్టల మీద ఉంటుంది. వాసన తగిలిందంటే మీరు పేరు పెట్టి పిలిచినా దానికి వినబడదు. ఒంటరిగా కట్టేస్తే సాగదీసి కూస్తుంది. పక్కన బట్టల దుకాణమాయన ఆ కూత భరించలేక సేటుతో మూడుసార్లు గొడవపడ్డాడు. ఇక తిండి సంగతి. దానికి చాలు అన్నది తెలియదు. పదకొండు కిలోలు ఉండాల్సింది, దుకాణం కాంటా మీద నిలబెట్టి తూస్తే పదిహేను కిలోల నాలుగు వందల గ్రాములు తూగింది. ఇంట్లో పూరీలు, బయట హమాలీలు తిని వేసే ఎముకలు, మా దిక్కు మాటలో బొక్కలు.

నిత్య దగ్గర మాత్రం అది వేరే కుక్క. ఆ పిల్ల నోట్లో చెయ్యి పెట్టి రబ్బరు ముక్క లాగినా, తింటున్న పూరీ లాక్కున్నా పళ్లు బిగించేది కాదు. ఇంకెవరూ ఆ నోటి జోలికి పోయేవారు కాదు.

కామెర్లు కాదు

పసుపు సీజన్‌లో ఆ కుక్క తెలుపు భాగమంతా పచ్చగా మారేది. మూతి, మెడ, కాళ్లు, తోక కొన. ఎనిమిది నెలల వయసులో ఒకరోజు నీరసంగా ఉందని సుజాత తెచ్చింది. మా కాంపౌండరు యాదగిరి చూడగానే కేక పెట్టాడు.

"మేడం, కామెర్లు! ఒళ్లంత పచ్చబడ్డది!"

సుజాత అక్కడే ఏడుపు అందుకుంది. నేను తడి దూదితో మెడ తుడిచాను. దూది పచ్చగా అయింది, మెడ తెల్లగా వచ్చింది. చిగుళ్లు ఎర్రగా, కళ్లు తెల్లగా ఉన్నాయి. ఎండదెబ్బ, అంతే.

"యాదగిరీ, గీ కామెర్లకు మందు ఏంది?" అన్నాను.

"సబ్బు మేడం" అన్నాడు తల దించుకుని.

హాలంతా నవ్వింది. ఆ సంగతి నేను కనీసం యాభై మందికి చెప్పి ఉంటాను. మండల సమావేశాల్లో చెప్పాను, శిక్షణకు వచ్చిన పిల్లలకు చెప్పాను. ఆర్మూర్‌లో కుక్కను చూసే ముందు తుడిచి చూడండి అని. ఎన్నిసార్లు చెప్పానంటే, పచ్చగా ఉన్న కుక్క కనబడగానే నాకు నవ్వే ముందొచ్చేది. దూది దాకా చెయ్యి పోవడం మానేసింది.

అది నేను గర్వపడిన మొదటి పని.

సగం కుట్లు

రెండోది కమ్మర్‌పల్లి రైతు సంగతి. అడవిపంది పొట్ట చీల్చిన నాటుకుక్కను భుజాన వేసుకుని వచ్చాడు. కుట్లు వేస్తూ ఎట్లా జరిగిందని అడిగాను. మక్కజొన్న చేనులో పందిని వేటాడబోయామని, ఉన్నదున్నట్టు చెప్పాడు.

నేను సూది ఆపి, వరండాలో ఉన్న ఇరవై మందికీ వినబడేట్టు మాట్లాడాను. ఇది నేరం, అటవీ శాఖ వాళ్లకు ఇవాళే రాస్తాను, నీ పేరు, ఊరు చెప్పు అన్నాను. ఆ మనిషి నా ముఖం చూశాడు, కుక్కను చూశాడు.

"కుక్కను బతికించుమని వచ్చిన డాక్టరమ్మా, జైలుకు పోతందుకు రాలే" అన్నాడు.

సగం కుట్లు పడ్డ కుక్కను మళ్లీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను ఎవరికీ రాయలేదు, అతని పేరే నాకు తెలియదు. ఆ కుక్క ఏమైందో కూడా తెలియదు. సాయంత్రానికి ఈ సంగతి మార్కెట్ యార్డంతా తిరిగింది. డాక్టరమ్మ గట్టిది అని జనం అనుకుంటున్నారని యాదగిరి చెప్తే నాకు బాగా అనిపించింది.

వేట తప్పే. ఇప్పుడూ అదే అంటాను. కానీ టేబుల్ మీద పశువు ఉండగా చెప్పాల్సిన మాట కాదది. భయపెట్టి పంపిన మనిషి ఒక్కడే వెళ్లిపోడు. అతనితోపాటు ఆ ఊళ్లో ఉన్న నిజాలన్నీ వెళ్లిపోతాయి.

ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం

అప్పటికి నిత్యకు ఏడేళ్లు, బూందికి మూడు. సేటు ఒక్కడే కుక్కను తెచ్చాడు. రవి లోపలికి రాలేదు, గేటు దగ్గర బండి మీదే కూర్చున్నాడు.

"రెండు రోజుల సంది కుంటుతుంది మేడం. తింటలేదు."

బరువు పద్నాలుగు కిలోల ఎనిమిది వందలు. జ్వరం నూట మూడు పాయింట్ నాలుగు. ముందరి కుడి కాలు పైకెత్తి పెట్టింది. పాదం చూస్తే తుమ్మముల్లు. లాగేశాను. నొప్పికి, జ్వరానికి సూది ఇచ్చాను. మెడ కింద పసుపు దట్టంగా ఉంది. నాకు నవ్వొచ్చింది.

"ఎటన్న పోయిందా ఇది?"

సేటు గేటు వైపు ఒకసారి చూశాడు. "ఎటు పోలే మేడం. ఇంట్లనే ఉన్నది."

ఇంట్లోనే ఉన్న కుక్క పాదంలో తుమ్మముల్లు ఎక్కడిది? అడగలేదు. కారణం దొరికింది కదా అనే తృప్తి ఉంటుంది, అది చాలా ప్రమాదకరమైన తృప్తి. ముల్లు దొరకగానే నేను వెతకడం ఆపేశాను.

కార్డు చూశాను. రేబిస్ టీకా గడువు దాటి ఐదు నెలల పన్నెండు రోజులు. జ్వరం మీద టీకా వేయకూడదని, వచ్చే మంగళవారం తీసుకురమ్మన్నాను. సేటు సరేనన్నాడు. పసుపు సీజన్, దుకాణం ముందు బండ్ల వరుస. మంగళవారం రాలేదు. ఐదు మంగళవారాలు గడిచాయి. వాళ్ల ఫోన్ నంబరు నా పుస్తకంలో ఉంది. నేనూ చేయలేదు.

ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "మెడ మీద పసుపు, దుకాణం దుమ్ము." పసుపు నేను చూసింది. దుకాణం దుమ్ము అన్నది నేను అనుకున్నది. దాని కింద గీత లేదు.

మూడు వేళ్లు

మార్చి ఇరవై ఏడు, గురువారం, మధ్యాహ్నం పన్నెండు నలభై. ఒంటిపూట బడి వదిలాక సుజాత, నిత్య కలిసి కుక్కను ఆటోలో తెచ్చారు. బూంది కింది దవడ వేలాడుతోంది. చొంగ కారుతోంది. నిలబడలేక టేబుల్ మీద పక్కకు ఒరిగింది.

"బొక్క ఇరికింది మేడం" అంది సుజాత. "హమాలీలకు ఎన్నిసార్లు చెప్పినా ఇనరు. నిన్నటి సంది నీళ్లు సుత మింగుతలేదు. గొంతు సుత మారింది, బొంగురు బొంగురు ఒర్రుతుంది. బట్టల దుకాణమాయన మాత్రం మస్తు సంబరపడుతుండు, సప్పుడు తగ్గిందని."

గొంతు మారింది అన్న మాట నా చెవిలో పడింది. ఇంకా లోపలికి దిగలేదు. యాదగిరి అప్పటికే చేతి తొడుగు లేకుండా పట్టకారు లాంటి చిమటా అందుకున్నాడు.

"టార్చి పట్టుండ్రి మేడం, నోరు తెరిచే ఉన్నది. ఒక్క నిమిషంల తీస్త."

టార్చి కోసం తిరిగినప్పుడు నిత్య చెయ్యి కనబడింది. కుడి చేతి మూడు వేళ్లు పచ్చగా ఉన్నాయి. చూపుడు వేలు, నడిమి వేలు, దాని పక్కది. దుకాణం దుమ్ము అయితే చెయ్యంతా ఉంటుంది. మూడు వేళ్లకే అంటదు.

"వేళ్లకేమైంది బిడ్డా?"

"బొక్క తీద్దామని చెయ్యి పెట్టిన. బూంది నన్నేమనదు గద. పళ్లు గీసుకున్నయ్."

"పసుపు ఎవరు పెట్టిన్రు?"

"నాయినమ్మ. మొన్న బూందిని నక్క కరిచినప్పుడు సుత నాయినమ్మనే పెట్టింది. మానింది గద!"

"యాదగిరీ, చెయ్యి తియ్యి" అన్నాను. చిమటా కింద పడింది.

చేతి తొడుగులు వేసుకుని, తడి దూది తీసుకుని ముందు పిల్ల వేళ్లు తుడిచాను. మూడు గీతలు. రెండిట్లో ఎండిన రక్తం. తర్వాత కుక్క మెడ తుడిచాను. బొచ్చు కింద మానిపోయిన రెండు పంటి గాట్లు, ఒకదాని పక్కన ఒకటి. ఫిబ్రవరి పద్దెనిమిదిన కూడా అవి అక్కడే ఉన్నాయి. అప్పుడు పచ్చిగా ఉండి ఉంటాయి.

గొంతులో బొక్క ఉన్నట్టు దవడ వేలాడడం రేబిస్‌లో ఒక రూపం. పుస్తకంలో అందరం చదువుతాం. బొక్క అనుకుని చెయ్యి పెట్టినవాళ్ల కథలు కూడా చదువుతాం.

పిల్లను వరండాలో నల్లా కిందికి తీసుకుపోయాను. బట్టల సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గీసుకుని ఎంతసేపైంది అని అడిగితే, నిన్న నాలుగింటికి అంది. ఇరవై గంటల నలభై నిమిషాలు. ఆలస్యమైందని కడగకుండా ఉండకూడదు. గోడ గడియారం చూస్తూ కడిగాను. పిల్ల భయపడకుండా ఎక్కాలు చదవమన్నాను. రెండు నుంచి పది దాకా చదివి మళ్లీ రెండుకొచ్చింది. సుజాత పక్కన నిలబడి, "ఏమైతుంది మేడం, ఏమైతుంది, జర చెప్పుండ్రి" అంటూనే ఉంది. నేను పిల్లతోపాటు ఎక్కాలు అందుకున్నాను.

కబురు అందగానే సేటు కారు తెచ్చాడు. అనసూయమ్మ, రవి కూడా అప్పుడే వచ్చారు. అనసూయమ్మకు ఏమీ అర్థం కాలేదు.

"పసుపు పెట్టిన గద బిడ్డా. పుండంత మానింది. మానినంక చెప్పుడెందుకని ఊకున్న. మన ఊరి పసుపు గద, గట్లెట్లయితది?"

ఆమె మీద నాకు కోపం రాలేదు. పసుపు పుండును మాన్పుతుంది, ఆమె కళ్లతో చూసింది. ఈ విషం పుండులో కనబడదు, నరాల వెంట పోతుంది. పసుపు దాన్ని ఆపదు, పైగా గాయాన్ని కప్పేస్తుంది. కప్పిందాన్ని తుడవాల్సింది నేను.

రవిని పక్కకు పిలిచాను. "ఎక్కడ కరిచింది?"

"కమ్మర్‌పల్లి కాడ, మక్కచేన్ల. కుందేలు కోసం పోయినం, ఆయితారం నాడు. పట్టపగలు మేడం. నక్క ఉరకలే. అదే మా మీదికొచ్చింది."

పట్టపగలు మనిషిని చూసి పారిపోని నక్క. ఆ ఒక్క మాట ఫిబ్రవరి పద్దెనిమిదిన చెవిన పడితే జ్వరమున్నా అదే గంటలో టీకా వేసేదాన్ని, కుక్కను వేరే కట్టించేదాన్ని.

"గేటు దాకా వచ్చి నాకెందుకు చెప్పలే?"

రవి నా ముఖం చూడలేదు. "మీరు ఫారెస్టోళ్లకు రాస్తరంట గద మేడం."

లెక్క

నిజామాబాద్ పెద్దాసుపత్రిలో గాట్ల చుట్టూ వేళ్లలోకే సీరం సూది వేశారు. నిత్య అరిచిన అరుపు నాకింకా వినబడుతుంది. "సూది బూందికి ఇయ్యాలె గద! జరమొచ్చింది దానికి! నాకెందుకిస్తున్నరు?" సేటు కారిడార్‌లో గోడకు తల ఆనించి నిలబడ్డాడు. టీకా సూదులు ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగుసార్లూ నేను వెంట వెళ్లాను. మార్చి ఇరవై ఏడు, మార్చి ముప్పై, ఏప్రిల్ మూడు, ఏప్రిల్ ఇరవై నాలుగు.

కుక్కను ముట్టినవాళ్లను లెక్కపెట్టాం. సేటు, సుజాత, అనసూయమ్మ, రవి, బొక్కలు వేసిన హమాలీలు ఇద్దరు, యాదగిరి, నేను, నిత్య. తొమ్మిది మంది. అందరికీ సూదులు పడ్డాయి. నాకు, యాదగిరికి ముందే టీకాలు ఉన్నాయి కాబట్టి రెండేసి చాలాయి. యాదగిరి సూది వేయించుకుంటూ, "మేడం, గీసారి నిజంగనే పచ్చరోగమొచ్చె" అన్నాడు నన్ను నవ్విద్దామని. ఇద్దరం నవ్వలేకపోయాం.

పశువైద్యశాల వెనక గదిలో విడిగా ఉంచిన బూంది మార్చి ఇరవై తొమ్మిది, శనివారం, పొద్దున ఆరు పదికి పోయింది. చివరి రోజు కూయాలని మూడుసార్లు మెడ ఎత్తింది. మైలు దూరం వినబడాలని పెంచిన గొంతు గది దాటి బయటికి రాలేదు. తలను హైదరాబాద్ ల్యాబుకు పంపాం. ఏప్రిల్ నాలుగున జవాబు వచ్చింది. రేబిస్.

సేటు నన్ను ఒక్క మాట అనలేదు. నేనే దుకాణానికి వెళ్లి, ఫిబ్రవరి పేజీ తెరిచి చూపించాను. "గీ రోజు నేను తుడిచి చూడలే. చూస్తే ఇదంత కాకపోవు" అన్నాను. ఆయన చాలాసేపు చదివి, "నేను సుత ఇంట్లనే ఉన్నదని చెప్పిన గద మేడం" అని పుస్తకం మూసి ఇచ్చాడు. అబద్ధాన్ని, పొరపాటును పంచుకున్నాం. పంచుకుంటే నా వంతు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

కొత్తగా చేరే పిల్లలకు ఇక్కడే నాలుగు ముక్కలు చెప్తాను. పశువు వచ్చినప్పుడు మొదటి ప్రశ్న ఏమైంది అని కాదు, ఎక్కడెక్కడ తిరిగింది అని. ఆ జవాబు మీకు దొరకాలంటే చెప్పేవాడికి మీరంటే భయం ఉండకూడదు. టీకా గడువు దాటిందని మీకు తెలిస్తే, ఫోన్ చేయడం మీ పని, యజమాని పని కాదు. బీగిల్ కొంటామని వచ్చేవాళ్లకు ముద్దు సంగతి చెప్పే ముందు ముక్కు సంగతి చెప్పండి. రోజూ గంటసేపు తాడు పట్టి నడిపించలేనివాళ్లు, చేన్లలో వదలకుండా ఉండలేనివాళ్లు ఆ కుక్కను తేకూడదు. అది చెడ్డదని కాదు. దాని పని అది చేస్తుంది, మధ్యలో పిల్లలు ఉంటారు.

నీళ్లు

సూదులు సమయానికి పడ్డాయి, సీరం పడింది. లెక్క ప్రకారం భయం లేదు. ఆసుపత్రి డాక్టరు అదే చెప్పారు, నేనైనా ఇంకొకరికి అదే చెప్తాను. కానీ ఈ రోగం నెలలు దాక్కుని రాగలదని కూడా నాకు తెలుసు, ఇరవై గంటల నలభై నిమిషాలు కూడా నాకు తెలుసు. వచ్చినప్పుడు మొదట కనబడేది నీళ్ల దగ్గరే. గ్లాసు చూస్తే గొంతు బిగుసుకుంటుంది.

అందుకని సేటు దుకాణానికి పోవడం మొదలుపెట్టాను. మా పశువైద్యశాల నుంచి నడిస్తే పదకొండు నిమిషాలు. ఏదో ఒక సాకు. పసుపు కొమ్ములు కావాలని, అనసూయమ్మ మోకాళ్లు ఎట్లున్నాయని. నిత్య కనబడగానే, "ఏం బిడ్డా, దూప అయితలేదా? జర నీళ్లు తాగు" అనేదాన్ని. పిల్ల గటగటా తాగేది. గొంతు కదలడం చూసి, ఇంటికొచ్చి పుస్తకంలో రాసేదాన్ని. ఏ రోజైనా పిల్ల వద్దంటే, దూప లేక వద్దందా, ఇంకే కారణమైనా ఉందా అని ఆ రాత్రంతా నిద్ర పట్టేది కాదు. మర్నాడు మళ్లీ పోయేదాన్ని. మొత్తం నలభై ఒక్కసార్లు పోయాను. ఇంట్లోవాళ్లకు నేను ఎందుకొస్తున్నానో తెలుసని నాకు చాలా తర్వాత అర్థమైంది. నేను గుమ్మంలో కనబడగానే సుజాత చేస్తున్న పని ఆపి, గ్లాసు వైపు తనూ చూసేది.

ఏడాది నిండిన రోజు, మళ్లీ మార్చి ఇరవై ఏడు. నిత్యకు ఎనిమిదేళ్లు. బస్తా మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. కాళ్లు పాదాల దాకా పచ్చగా ఉన్నాయి.

"వచ్చినవా డాక్టరమ్మా" అంది, నేను నోరు తెరవకముందే. లోపలికి పోయి రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి నా చేతిలో పెట్టింది.

"నువ్వెప్పుడొచ్చినా నన్ను తాగుమంటవ్. నువ్వు ఒక్కసారన్న తాగలే. ఇయాల ఇద్దరం తాగుదాం. నేను సుత చూస్త, నువ్వు మింగుతున్నవా లేదా అని."

తను తాగేసి, గ్లాసు బోర్లించి చూపించింది. నేను రెండు గుటకలు వేశాను. మూడోది గొంతు దిగలేదు.

"గట్ల కాదు, మొత్తం" అంది.

మొత్తం తాగాను.

ఆ రోజు పుస్తకంలో రెండు వాక్యాలున్నాయి. మొదటిది: నిత్య నీళ్లు తాగింది, చూశాను. రెండోది: ఇక భయం లేదని అనుకుంటున్నాను. రెండో దాని కింద గీత గీశాను. నిత్య ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ గీత ఇంకా అక్కడే ఉంది.